ముగ్గురు కృష్ణులు, ఒకటే కిరీటం

(ఏప్రిల్ 16, తెలుగు నాటకరంగ దినోత్సవం సందర్భంగా తెనాలిలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, పద్యం ఎలా వినాలో నాలాంటి వాళ్లకు నేర్పిన గురుతుల్యులకు, రాత్రికి రాయబారం ఆడబోతున్న నటీనటులకు, హార్మోనియం మాస్టారికి, తబలా అన్నయ్యగారికి, మైకు చూస్తున్న తమ్ముడికి, అక్కచెల్లెళ్లకు, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ పిల్లలకు పేరు పేరునా నమస్కారాలు. ఈసారి శాలువాల కార్యక్రమం నాటకం అయ్యాక పెట్టుకున్నారు. చాలా మంచి పని చేశారు. నాటకం చూడటానికి వచ్చిన జనాన్ని శాలువాల పేరుతో గంటసేపు కూర్చోబెట్టడం ఇకనైనా మానాలి. కమిటీవారికి దానికోసం ఇంకో నమస్కారం.

నాకిచ్చిన అంశం "తెలుగు నాటకం: నిన్న, నేడు, రేపు". అరగంట ఇచ్చారు. రాసుకొచ్చాను కూడా. ఈ రోజు కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి. 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. 1880లో తన శిష్యుల చేత వ్యవహార ధర్మబోధిని అనే నాటకం ఆడించారు. ధార్వాడ నాటక కంపెనీ మన ప్రాంతానికి వచ్చి, జిలుగు దుస్తులతో, రంగు తెరలతో జనాన్ని కట్టిపడేసింది కూడా ఆ రోజుల్లోనే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావుగారి బృందం కీచక వధ వేసింది. ఆ కుటుంబాలు ఇవాళ్టికీ నాటకాన్ని వదల్లేదు. సురభి నాగేశ్వరరావుగారికి, మనందరి బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా నిన్న. ఇక్కడి నుంచి నేటికి రావాలి.

కానీ నిన్న సాయంత్రం మా ఇంటికి ఈ కరపత్రం వచ్చింది. ఇదిగో, మీ అందరి చేతుల్లోనూ ఉంది. దీన్ని చదివాక నేను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేశాను. నేను చెప్పాలనుకున్నదంతా ఇందులోనే ఉంది. ఉంది అనడం కంటే, ఇందులో లేదు అనాలి.

చదువుతాను, వినండి. పడక సీను కృష్ణుడు ఒకరు. రాయబారం కృష్ణుడు ఒకరు. కర్ణుడి దగ్గరికి వెళ్లే కృష్ణుడు ఇంకొకరు. ముగ్గురి పేర్లూ ఉన్నాయి, ఫోటోలూ ఉన్నాయి. అర్జునుడు, దుర్యోధనుడు, కర్ణుడు, అశ్వత్థామ, అందరూ ఉన్నారు. హార్మోనియం, తబలా ఉన్నాయి. షామియానా ఇచ్చిన వారు, మంచినీళ్లు ఇచ్చిన వారు, అన్నం పెడుతున్న వారు, వాళ్ల కీర్తిశేషులైన తల్లిదండ్రులు, అందరి పేర్లూ ఉన్నాయి. వేయాల్సిందే, దాతలు లేకపోతే నాటకం లేదు. కింద అంచున, ప్రెస్సు పేరు పక్కన, డ్రస్సులు తెచ్చే కంపెనీ పేరుంది. మరి ఇంతమందికి రంగు వేసే మనిషి పేరు ఎక్కడ? నేను రెండు వైపులా వెతికాను. లేదు.

నేను రంగులు వేసే ఆయన కూతుర్ని. మీలో పెద్దవాళ్లకు మా నాన్నగారు తెలుసు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆయన చేయి తగలని కృష్ణుడు లేడని అప్పట్లో అనేవారు. నేను స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, స్టేజీ ఎక్కి వేషం ఎప్పుడూ వేయలేదు. అయినా నాటకం నాకు లోపలి వైపు నుంచి తెలుసు. మీరు ముందు నుంచి చూసిన కిరీటాన్ని నేను వెనక నుంచి, లోపల చెమటకు నానిన గుడ్డతో సహా చూశాను.

ముగ్గురు కృష్ణుల సంగతి చెబుతాను. ఊళ్లలో పౌరాణిక నాటకానికి ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురు నటులు ఉండటం మనకు కొత్త కాదు. ఒకరి గొంతు రాగానికి బాగుంటుంది, ఒకరిది సభలో మాటకు బాగుంటుంది, ఒకరి పేరు చెబితే జనం వస్తారు. కాబట్టి ఒకే రాత్రి ముగ్గురు. మొదటి కృష్ణుడు పొడుగ్గా, సన్నగా ఉంటాడు. రెండో ఆయనకు పొట్ట ఉంటుంది. మూడో ఆయన బాగా నలుపు. గొంతు వేరు, నడక వేరు, ఎత్తు వేరు. అయినా తెల్లవారుజాము దాకా చాపల మీద కూర్చున్న ముసలమ్మకు ఆ ముగ్గురూ ఒకే కృష్ణుడు. ఎవరు వచ్చినా చేతులు జోడిస్తుంది. ఆమె చేత అలా చేతులు జోడింపజేసింది ఎవరు? పద్యం కాదు, పద్యం మనిషి మనిషికీ మారిపోయింది. నటన కాదు, అదీ మారింది. ఆ రాత్రంతా మారకుండా నిలబడ్డది నీలం, తిలకం, కిరీటం, నెమలి ఈక. ఆ నీలాన్ని ముగ్గురి ముఖాల మీదా ఒకే నీలంగా నిలబెట్టిన చేయి ఒకటుంది. ఆ చేతి గురించే ఇవాళ మాట్లాడతాను. అధ్యక్షుల వారు నన్ను మన్నించాలి, అంశం మారింది.

మా నాన్నగారు ముందు ముఖం శుభ్రంగా కడుక్కుని రమ్మనేవారు. తర్వాత అరచేతిలో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసుకుని పలచగా పట్టించేవారు. ఎక్కువైతే రంగు జారుతుంది, తక్కువైతే తెల్లారి రంగుతో పాటు చర్మం ఊడొస్తుంది. సఫేదాలో, అంటే తెల్లరంగు పొడిలో, నీలిమందు రవ్వంత వేసి, ఇంకో చిటికెడు ఎరుపు తగిలించి, గాజు పలక మీద చాకు అంచుతో నూరేవారు. నూరింది నేరుగా ముఖానికి రాసేవారు కాదు. తన మణికట్టు లోపలి వైపు రాసుకుని, స్టేజీ మీద ఏ దీపం పెడుతున్నారో ఆ దీపం దగ్గరికి వెళ్లి చూసుకుని వచ్చేవారు. పెట్రోమాక్స్ దగ్గర సరిపోయిన నీలం ట్యూబులైటు దగ్గర బూడిద రంగులో కనిపిస్తుంది. నల్లటి ఆయనకు సఫేదా పెంచాలి, ఎర్రటి ఆయనకు నీలం పెంచాలి. లావుపాటి ముఖమైతే దవడ పక్కన కొంచెం ముదురు రంగు దించాలి. బుగ్గలు లోపలికి పోయిన వాళ్లకు అక్కడ లేత గులాబీ అద్దాలి. తిలకానికి ఆయన కొలత అగ్గిపుల్ల. కనుబొమ్మల మధ్య నుంచి పైకి ఎంత వెళ్లాలో పుల్ల విరిచి పెట్టుకునేవారు. మొదటి కృష్ణుడికి వాడిన పుల్లనే జేబులో దాచి మూడో కృష్ణుడి దాకా వాడేవారు.

కిరీటం మాత్రం ఒకటే ఉండేది. ఒక కృష్ణుడు తెర లోపలికి రాగానే దాన్ని తీసి, లోపల గుడ్డ మడత మార్చి, ఇంకో కృష్ణుడి తలకు కట్టాలి. మధ్యలో ఉన్న సమయం దుర్యోధనుడి పద్యం ఎంతసేపు సాగితే అంత. ఆయన రాగం పెంచాలని, వన్స్‌మోర్ రావాలని లోపల కోరుకునేది మా నాన్నగారే.

ఆ కిరీటానికి అద్దాలు కుట్టింది మా అమ్మ. భుజకీర్తులకు చెమ్కీ దండలు, వడ్డాణానికి పూసలు, దుర్యోధనుడి అంగరఖా అంచుకు జలతారు, అన్నీ ఆమే. పొద్దున పెట్టె ఇంటికి రాగానే విప్పి, చెమట పట్టినవన్నీ ఎండలో ఆరేసి, ఊడిన అద్దాలు మళ్లీ కుట్టి, రాత్రికి సర్దిపెట్టేది. పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించింది నేను. మా అమ్మ ఏ నాటకమూ పూర్తిగా చూడలేదు. ఆమె చేతి పని మాత్రం వందల ఊళ్లు చూశాయి. ఇలాంటి ఆడవాళ్లు ప్రతి డ్రస్ కంపెనీ వెనకా ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు.

భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పారని ఇక్కడున్న విద్యార్థులకు తెలుసు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఆహార్యం, అంటే వేషధారణ, ఏదో పైన తగిలించుకునే సోకు అని ఆయన అనుకోలేదు. దానికి ఒక అధ్యాయమే కేటాయించారు. కొండలు, రథాలు, ఆయుధాలు తయారుచేయడం పుస్తం. పూలు, నగలు, బట్టలు అలంకారం. ఒంటికి రంగు వేయడం అంగరచన. జంతువులను రంగం మీదికి తేవడం సంజీవం. నగల్లో కూడా చెవి కుట్టి పెట్టేవి, కట్టేవి, తొడిగేవి, మెడలో వేసేవి అని విడదీసి చెప్పారు. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అని మూల వర్ణాలు నాలుగు పెట్టి, ఏది దేనితో కలిస్తే ఏ రంగు వస్తుందో చెప్పారు. మా నాన్నగారు ఆ పుస్తకం చదవలేదు. ఆయన గాజు పలక మీద ఉన్నవి మాత్రం ఆ నాలుగు రంగులే.

అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. నాటక బృందంలో ఎవరెవరు ఉంటారో భరతుడు ఒక పట్టిక ఇచ్చారు. సూత్రధారుడు ఉన్నాడు, నటుడు ఉన్నాడు, విదూషకుడు ఉన్నాడు. వాళ్లతో పాటు మకుటకారుడు ఉన్నాడు, అంటే కిరీటాలు చేసేవాడు. నగలు చేసేవాడు ఉన్నాడు. పూలదండలు కట్టేవాడు ఉన్నాడు. వేషం వేసేవాడు, చిత్రకారుడు, బట్టలు ఉతికి రంగులద్దే రజకుడు కూడా ఉన్నారు. వినండి, రజకుడు కూడా! వీళ్లంతా బృందంలో మనుషులు. పక్క ఊరి నుంచి అద్దెకు వచ్చిన వాళ్లని ఆయన అనలేదు. అంత పాత పట్టికలో దొరికిన చోటు ఈ ఆర్ట్ పేపరు మీద దొరకలేదు.

ఆ శాస్త్రంలోనే నాటకశాల కొలతలు కూడా ఉన్నాయి. మధ్యరకం శాల అరవై నాలుగు మూరల పొడవు, ముప్పై రెండు మూరల వెడల్పు. అందులో సగం ప్రేక్షకులకు. మిగిలిన సగంలో ముందు భాగం రంగస్థలం, వెనక భాగం నేపథ్యగృహం. పదహారు మూరల లోతు, శాల వెడల్పంతా. మొత్తం కట్టడంలో నాలుగో వంతు రంగులు వేసుకోవడానికి, వేషాలు కట్టుకోవడానికి వదిలారు. మనం కడుతున్న కళాక్షేత్రాలు ఎలా ఉన్నాయో ఇక్కడున్న నటులు చెప్పాలి. ఏసీలు ఉన్నాయి, మెత్తటి కుర్చీలు ఉన్నాయి. గ్రీన్ రూము అడిగితే బాత్రూము పక్కన ఇరుకు గది చూపిస్తారు. ఒక అద్దం ఉంటే దానికి లైటు ఉండదు. చేతులు కడుక్కునే చోట నీళ్లు రావు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి దుప్పటి అడ్డం పట్టుకోవాలి. ఇంజనీర్లు ఎవరైనా సభలో ఉంటే దయచేసి నా మాట గుర్తుపెట్టుకోండి. ఈసారి ఎక్కడైనా కళాక్షేత్రం ప్లాను మీ చేతికొస్తే, గీత గీయకముందు ఒక మేకప్ ఆయన్ని పిలిచి అడగండి.

తెనాలిలో నిలబడి స్థానం నరసింహారావుగారిని తలుచుకోకపోతే తప్పు. 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం కట్టి రంగం మీదికి వచ్చారు. ఈ ఊరి నాటక సమాజం రామవిలాస సభలో ఎదిగారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సత్యభామ, రోషనార, చింతామణి, మధురవాణి. ఒక్క మనిషి ఇంతమంది ఆడవాళ్లు ఎలా అయ్యాడు? గొంతు, చూపు, నడక ఆయనవే. కానీ ఆయన ఏ పాత్రకు ఏ చీర, దాన్ని ఏ కట్టు కట్టాలి, కొప్పు ఎలా ఉండాలి అన్నదాని మీద ఎంత శ్రద్ధ పెట్టేవారో పాతవాళ్లంతా చెబుతారు. రాణికి ఒక కట్టు, వేశ్యకు ఒక కట్టు. ఆహార్యం మీద ఆ గౌరవం పెట్టిన నటుడి ఊరు ఇది. ఈ ఊళ్లో అచ్చయిన కరపత్రంలో రంగు వేసే ఆయన పేరు లేకపోవడం నాకు బాధ కలిగించింది. కోపం కూడా వచ్చింది, దాచుకోను.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఎలా వస్తుంది? ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి ముందు ఆమె జడ బయటికి వస్తుంది. మనిషి కనపడదు. ముఖం కనపడదు. తెర మీదుగా జడ వేసి, నాతో సమానమైన వాళ్లెవరైనా ఉంటే రండి అని సవాలు. ఆ జడ మీద సూర్యుడు, చంద్రుడు, పాము, నక్షత్రాలు ఉంటాయి. కూచిపూడివాళ్లు ఆ నగలను బూరుగు కర్రతో చేసేవారు, తేలిగ్గా ఉంటుందని. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ జడ తెర మీద వేస్తే చాలు, జనం లేచి కూర్చునేవారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆట చూసిన వాళ్లు ఇక్కడ ఉన్నారు, తలలూపుతున్నారు. నటుడి కంటే ముందు నగ రంగం మీదికి రావడం, నటుడి సవాలును నగే చేయడం మన తెలుగువాళ్ల ఆట. అలాంటి ఆటకు వారసులం మనం.

తెలంగాణలో చిందు యక్షగానం వాళ్లను చూడండి. కిరీటాలు, భుజకీర్తులు తలకూ భుజాలకూ బరువైనంత పెద్దవి. వాటిని తలకెత్తుకునే ముందు దండం పెట్టుకుంటారు. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో నాకు ముందు గుర్తొచ్చింది అక్కడ కిరీటాలు చేసే చేతులు.

చీటీ వచ్చింది. పది నిమిషాలు ఉన్నాయట. సరే, అసలు మాట చెప్పేస్తాను.

మా నాన్నగారికి పెద్దతనంలో చేతులు వణకడం మొదలైంది. కృష్ణుడికి తిలకం దిద్దలేని చేతికి పని ఉండదు. పేద కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే పింఛనుకు దరఖాస్తు పెట్టాం. ఆఫీసులో ఆధారాలు అడిగారు. కరపత్రాలు, ఫోటోలు, సర్టిఫికెట్లు, పేపరు కటింగులు. ఆయన దగ్గర కరపత్రాలకు కొదవ లేదు. ఆడిన ప్రతి నాటకం కరపత్రమూ ట్రంకు పెట్టెలో, నగలకు అడుగున పరిచి దాచుకున్నారు. నేనూ మా అమ్మా నేల మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి చదివాం. పసుపు కాగితాలు, గులాబీ కాగితాలు, చెదలు తిన్నవి. బాపట్ల, రేపల్లె, చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ. కృష్ణుల పేర్లున్నాయి. మైకు సెట్టు పేరుంది. సోడాలు అమ్మే ఆయన పేరుంది. మా నాన్నగారి పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ఫోటోలు చూశాం. గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఆయన లోపల ఎవరికో మీసం అంటిస్తూ ఉంటారు. ఒక్క ఫోటోలో తెర పక్కన ఒక మోచేయి కనిపించింది. అది ఆయనదేనని మా అమ్మ గుర్తుపట్టింది. మోచేతికి పింఛను ఇవ్వరు కదా.

ఆఫీసులో ఉన్న ఆయన మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. "కళాకారుడని రుజువేదమ్మా?" అన్నాడు. ఆయన వేసిన కృష్ణుడు ఈ ఫోటోలో ఉన్నాడు సార్ అన్నాను. "కృష్ణుడు కనిపిస్తున్నాడు. మీ నాన్నగారు కనిపించాలి కదా" అన్నాడు. ఫైలు వెనక్కి వచ్చింది. ఒకప్పుడు ఆయన చేత రంగు వేయించుకున్న నటుల దగ్గరికి వెళ్లి సంతకాలు తెచ్చాను. కొందరు కన్నీళ్లు పెట్టుకుని రాసిచ్చారు. కొందరు పోయారు. ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ తిరిగేలోపు నాన్నగారూ పోయారు.

అందుకే నేను కరపత్రం చదువుతాను. మీకది నాటకం అయ్యాక పల్లీలు పొట్లం కట్టుకునే కాగితం కావచ్చు. తెర వెనక మనిషికి అదొక్కటే సర్టిఫికెట్. సినిమాలో మేకప్ చేసిన వాళ్ల పేరు తెర మీద పడుతుంది. మనకు తెర ఉంది, పేరే లేదు. ఒక్క లైను, అంతే! దానికి ప్రెస్సువాడు ఎక్కువ డబ్బు అడగడు. ఏ సంస్థ అయినా, ఏ ఊళ్లో అయినా, దాతల పేర్ల కింద చోటు చాలకపోతే నా పేరు తీసేయండి. ముఖ్య వక్త అని ఇక్కడ ఎంత పెద్దక్షరాల్లో వేశారో చూడండి. ఇది తీసేస్తే నలుగురి పేర్లు పడతాయి.

రంగుల గురించి కూడా చెప్పాలి. ఇది కుర్రవాళ్లు శ్రద్ధగా వినండి. పాతకాలం వాళ్లు పసుపు మెరుపు కోసం అరిదళం వాడేవారు. కాగడాల వెలుగులో ముఖం బంగారంలా వచ్చేది. దేవుడు ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం చల్లితే మంట లేచి ఆ ముఖం ఇంకా వెలిగేది. కానీ అరిదళంలో ఉండేది ఆర్సెనిక్ అనే విషం. ముర్దాసింగి అంటే సీసం. ఇంగిలీకం అంటే పాదరసం. నటుడు నెలకు ఒకటి రెండుసార్లు ముఖానికి పూసుకునేవాడు. రంగు వేసే ఆయన రోజూ పదిమందికి పూసి, ఆ చేత్తోనే టీ తాగేవాడు, ఆ చేత్తోనే అన్నం తినేవాడు. మా నాన్నగారి వేళ్ల సందుల్లో చర్మం ఎప్పుడూ పొలుసులు లేచి ఉండేది. ఇప్పుడు మంచి పాన్‌కేక్ మేకప్‌లు, నీళ్లతో కలిపే రంగులు దొరుకుతున్నాయి. ఖరీదు ఎక్కువ. ఆ ఖరీదు మేకప్ ఆయన కూలిలోంచి కోయకండి. మైకుకు ఎంత ఇస్తున్నారో చూసుకుని ముఖానికి కూడా ఇవ్వండి. చవక రంగు తెమ్మని ఒత్తిడి పెడితే ఆయన చవక రంగే తెస్తాడు. అది మీ పిల్లల ముఖాల మీదికే వస్తుంది. స్కూల్ వార్షికోత్సవాలకు చిన్నపిల్లలకు కృష్ణుడి వేషాలు కట్టించే తల్లులూ, ఆ నీలం ఏమిటో, ఎక్కడ కొన్నారో ఒక్కసారి అడగండమ్మా.

ఇంకో మాట. వేషం కట్టడంలో ఎంత పని ఉందో, వేషం తీసేయడంలో అంత పని ఉంది. హరిశ్చంద్ర నాటకం చూడండి. మొదటి అంకంలో కిరీటం, హారాలు, పట్టు పంచె. కాటిసీనుకు వచ్చేసరికి అవన్నీ పోవాలి. మా నాన్నగారు తన జీవితంలో కష్టమైన పని అదేనని చెప్పేవారు. రాజుకు నగలు పెడితే రాజు అవుతాడు, నగలు తీసేస్తే మాత్రం ఉత్త మనిషి అవుతాడు. రాజుగానే ఉండి కాటికాపరి కావాలి. కళ్ల కింద నీలి మసి పలచగా పెట్టి, పెదవులకు సఫేదా అద్ది ఎండగొట్టి, భుజాల మీద నగలు ఒరుసుకున్న చోట మాత్రం కొంచెం తెలుపు వదిలేసేవారు. అక్కడ ఒకప్పుడు భుజకీర్తులు ఉండేవని జనానికి తెలియాలని. ఎంతమందికి తెలిసిందో నాకు తెలియదు కానీ, జాషువాగారి పద్యాలు అందుకున్నప్పుడు ఆ భుజాల వైపు చూసి ఏడ్చిన వాళ్లను చూశాను. ఇది నటుడి ప్రతిభే, కాదనను. పక్కన ఇంకో ప్రతిభ ఉందని చెబుతున్నాను.

ఇక్కడున్న నటులను ఒక్కటి అడుగుతాను. మీకు మొదటిసారి రంగు వేసిన ఆయన పేరు గుర్తున్న వాళ్లు చేయి ఎత్తండి. ఆ మూల నాలుగు చేతులు, ఇక్కడ రెండు. మీరు కూర్చోండి బాబాయి, మీ చేయి కనిపించింది. చేయి ఎత్తలేకపోయిన వాళ్లను తప్పు పట్టను. ఇంటికి వెళ్లి, మీతో ఆడిన పాతవాళ్లకు ఫోన్ చేసి, ఆ పేరు కనుక్కోండి. బతికుంటే వెళ్లి కలవండి. ఆయన మీకు రంగు వేశాడని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి ఇవ్వండి. మీరు పెద్ద నటులు, మీ సంతకానికి ఆఫీసులో విలువ ఉంటుంది. నాన్నగారి విషయంలో నాకు ఆలస్యమైంది. మీరు రేపే వెళ్లొచ్చు.

పోటీలు పెట్టే పరిషత్తుల వారికి ఒక విన్నపం. ఆహార్యానికి బహుమతి ఇస్తున్నారు, సంతోషం. ఆ బహుమతి అందుకోవడానికి నాటక సమాజం తరఫున దర్శకుడో, కార్యదర్శో స్టేజీ ఎక్కుతున్నారు. ఆ జ్ఞాపిక ఆఫీసు బీరువాలో పెడుతున్నారు. రంగు వేసిన ఆయన్ని పిలిచి ఆయన చేతికే ఇవ్వండి. ఆయన లోపల ఎవరికో రంగు తుడుస్తూ ఉంటే రెండు నిమిషాలు ఆగండి. మంత్రిగారి కోసం గంట ఆగుతున్నాం కదా. ఆయన డబ్బులు కూడా మొదటి గంట కొట్టకముందే ఇచ్చేయండి. నాటకం అయ్యాక ఇస్తాం అంటే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. తెల్లారేసరికి కమిటీవారు నిద్రకు వెళ్లిపోతారు, ఆయన పెట్టె నెత్తిన పెట్టుకుని మొదటి బస్సు ఎక్కుతాడు.

రెండో చీటీ వచ్చింది, ముగిస్తున్నాను. నేను ఇక్కడికి వచ్చే ముందు లోపల గదికి వెళ్లి వచ్చాను. ఇద్దరున్నారు. ఒకాయన నిడుబ్రోలు నుంచి వచ్చారు, రంగులు ఆయనవి. ఇంకొకాయన బట్టలు, కిరీటాలు చూస్తున్నారు, ఆయనది ఈ ఊరే. వాళ్ల పేర్లు అడిగి ఈ కాగితం మీద రాసుకొచ్చాను. కార్యదర్శిగారూ, ఇది తీసుకోండి. కరపత్రం ఎలాగూ అచ్చయిపోయింది. నాటకం ముందు నటీనటులను పరిచయం చేసేటప్పుడు కృష్ణుల పేర్లతో పాటు వీళ్ల పేర్లూ చదవండి. వీడియోలో పడాలి, కెమెరా తమ్ముడూ, ఆ సమయానికి ఒక్కసారి గదిలోకి వెళ్లి వాళ్లు పని చేస్తుండగా తీయి. ముఖం కనపడేలా తీయి. మోచేయి చాలదు.

ఇంకొకటి, అక్కడ అద్దం పైనున్న బల్బు కాలిపోయింది. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని రంగు వేస్తున్నారు. రాయబారం కృష్ణుడు ఇంకా కుర్చీలో కూర్చోలేదు. ఎదురుగా ఎలక్ట్రికల్ షాపు ఇంకా తెరిచే ఉంది, ఎవరైనా వెళ్లి ఒకటి తెచ్చిపెట్టండి. తెల్ల లైటు వద్దన్నారు, పసుపుది కావాలట.

నమస్కారం.